తల్లిపాలు మానిన పంది పిల్లకు పక్కన పడేసిన గింజ వద్దు: కర్నూలు పశుసంవర్ధక శాఖకు, మార్కెట్ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్నూలు జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు, జిల్లాలోని వ్యవసాయ మార్కెట్ కమిటీల పాలకవర్గాలకు నమస్కారాలు.

కోడుమూరు, గూడూరు పరిసరాల్లో సీమ పందులను (విదేశీ జాతి పందులను) పెంచుకుని బతుకుతున్న కొన్ని కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. వానాకాలపు మొక్కజొన్న యార్డులకు వచ్చే రోజుల్లో వేలం దగ్గర ఏటా ఒక మాట వినిపిస్తుంది. తడిసి రంగు మారిన రాశి దగ్గరికి రాగానే, ఇది కోళ్లకు పనికిరాదు, పందులకు పోతుందిలే అని ధర తగ్గించి పక్కన పెడతారు. అలా పక్కన పెట్టిన గింజే నాలుగు చేతులు మారి, మంచి గింజలో కలిసి, మా కొట్టాల్లోని తొట్టెలకు చేరుతోంది. పంది ఏది వేసినా తింటుందన్న నమ్మకం ఎదిగిన పంది విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో గాని, తల్లిపాలు మానిన రెండు మూడు నెలల పిల్ల విషయంలో ఏమాత్రం చెల్లదు. ఆ వయసు పిల్లకు వెళ్లే గింజను వేరుగా చూడాలని, అందుకు యార్డులోను, పశువైద్యశాలలోను కొన్ని చిన్న ఏర్పాట్లు చేయాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

మన ప్రాంతంలో పంది పిల్లను సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తల్లి నుంచి వేరు చేస్తాం. పుట్టిన పిల్ల పేగుల్లో పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ పుష్కలంగా ఉంటుంది. గింజలోని పిండి పదార్థాన్ని, మాంసకృత్తులను అరిగించే ఎంజైములు మాత్రం వారాలు గడిచేకొద్దీ నెమ్మదిగా పెరుగుతాయి. పెద్ద పందికి ఊరినంత ఆమ్లం దాని పొట్టలో ఊరదు. పెద్ద పంది పీచును పెద్దపేగులో పులియబెట్టుకుని అంతో ఇంతో శక్తి రాబట్టుకోగలదు. పిల్లకు ఆ వసతి ఇంకా సరిగా ఏర్పడి ఉండదు. ఇవి చాలవన్నట్టు తల్లికి దూరం కావడం, కొత్త కొట్టం, వేరే ఈతల పిల్లలతో కుమ్ములాట అన్నీ ఒకే వారంలో మీద పడతాయి. ఆ సమయంలో అరగని గింజ చిన్నపేగు దాటి కిందికి పోతే హాని చేసే సూక్ష్మజీవులకు అదే మేత అవుతుంది, పారుడు మొదలవుతుంది. పారుడు కట్టినా ఆ పిల్ల తోటి పిల్లలను అందుకోవడం అరుదు. పాలు మానిన తొలి వారాల్లో వెనకబడ్డ పిల్ల అమ్మకపు బరువుకు కూడా ఆలస్యంగానే వస్తుందన్నది పందుల పెంపకం భారీగా సాగే దేశాల్లో పదేపదే రుజువైన సంగతి.

ఈ గింజ అక్కర ఇప్పుడే ఎందుకు పెరిగిందో కూడా చెప్పాలి. 2020లో మన దేశంలో తొలిసారిగా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల ప్రాణాంతక జ్వరం బయటపడిన నాటి నుంచి హోటళ్ల మిగులు కూడు వేయవద్దని, వేస్తే బాగా ఉడికించాలని మీ శాఖే చెబుతోంది. ఆ మాట విని చాలామంది గింజ దాణాకు మారారు. తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్న ఎరుకల కుటుంబాలు, జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం రాయితీతో కొత్తగా కొట్టాలు కట్టిన యువకులు ఇప్పుడు ఒకే యార్డులో, ఒకే రాశుల దగ్గర నిలబడి కొంటున్నారు. ఒక ప్రమాదం తప్పించుకోవడానికి గింజకు మారిన రైతును గింజలోని మరో ప్రమాదానికి వదిలేయడం తగదు.

గింజ నాణ్యత అంటే యార్డులో అందరూ చూసేది రంగు, తూకం. పంది పిల్ల కడుపు చూసే లెక్క వేరు. మంచి మొక్కజొన్న కిలోకు సుమారు 3,300 కిలోకేలరీల వినియోగ శక్తిని పందికి ఇస్తుంది. మాంసకృత్తులు అందులో 8, 9 శాతమే. ఆ మాంసకృత్తుల్లో ఎదుగుదలకు తప్పనిసరి భాగమైన లైసిన్ పావు శాతం దగ్గరే ఆగిపోతుంది. 11 నుంచి 25 కిలోల బరువున్న పిల్ల దాణాలో జీర్ణమయ్యే లైసిన్ 1.23 శాతం ఉండాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లోటును సోయా చెక్కతోను, చేప పొడితోను, పొడి లైసిన్‌తోను పూడ్చుకుంటాం. కాబట్టి గింజ చేయవలసిన పని ప్రధానంగా ఒక్కటే: సులువుగా అరిగి శక్తినివ్వడం. అందుకు కావలసింది అరిగే పిండి పదార్థం, తక్కువ పీచు, పిల్ల ఇష్టంగా తినే రుచి, అన్నిటికీ మించి విషం లేకపోవడం. ఒకే జాతి గింజైనా పండిన నేలను బట్టి, కాలాన్ని బట్టి పందికి అందే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ తేడాను పసిగట్టడానికి గింజల మీద పరారుణ కిరణాలు పంపి నిమిషాల్లో శక్తి విలువను అంచనా వేసే పద్ధతినే తయారుచేసుకున్నారు. అంతటి యంత్రం ఇవ్వమని మేము అడగడం లేదు.

ఇక్కడ మా అనుభవానికీ యార్డు అలవాటుకూ పొంతన కుదరని చోటు ఒకటుంది. పూత తర్వాత వాన మొహం చాటేసిన ఏడాది మొక్కజొన్న సరిగా పాలుపోసుకోక గింజ సన్నగా, ముడతలు పడి వస్తుంది. లీటరు కొలతకు 720 గ్రాములు తూగవలసింది 650 గ్రాములే తూగుతుంది. వెంటనే ధరలో కోత పెడతారు. నిజానికి ఆ తేలిక గింజ శుభ్రంగా ఆరి ఉంటే పందికి అందే శక్తి అంతగా పడిపోదు. గింజ బరువును మాత్రమే చూసి మేత విలువను అంచనా వేయలేమని పంది పిల్లల మీద చేసిన ప్రయోగాలు చాలాసార్లు చూపాయి. అదే యార్డులో నిండుగా, బరువుగా ఉండి, మొలక దగ్గర పసుపుపచ్చని బూజు పట్టిన గింజ చాలాసార్లు కోత లేకుండా పోతుంది. మా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం.

బూజు సంగతి కొంత వివరంగా రాయక తప్పదు. మన జిల్లాలో వానాకాలపు మొక్కజొన్న కోతకు వచ్చేది నైరుతి వానలు వెనక్కి మళ్లే రోజుల్లో, ఈశాన్యపు ముసురు మొదలయ్యే రోజుల్లో. కండె మీద ఉన్నప్పుడు గింజలో 20 శాతానికి పైగా తేమ ఉంటుంది. మద్దతు ధరకు అనుమతించే తేమ 14 శాతం. నెలల తరబడి నిల్వ చేయాలంటే 13 శాతం లోపు ఉండాలి. కల్లాలు లేని రైతు రోడ్డు మీద ఆరబోస్తాడు, సాయంత్రం జల్లు పడితే టార్పాలిన్ కప్పుతాడు, తెల్లవారి పట్టా తీస్తే అడుగు గింజకు చెమట పట్టి ఉంటుంది. అలాంటి గింజను గోతాల్లో పోసి నాలుగు రోజుల తర్వాత చెయ్యి లోపలికి దూర్చి చూడండి: నడుమ భాగం వెచ్చగా తగులుతుంది, ముక్క వాసన కొడుతుంది. పంటి కింద పెడితే కటుక్కుమనదు, మెత్తగా నలుగుతుంది. ఈ పరీక్ష మా ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. వాళ్ల పంటికి తేమ తెలుస్తుంది గాని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం తెలియదు.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వెచ్చని, తేమ వాతావరణంలో ఈ విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయినప్పుడు, వాటి మేతలో కలిసిన వేరుశనగ చెక్కను ఆరా తీయగా తొలిసారి దీన్ని గుర్తించారు. అనంతపురం వేరుశనగ నమ్ముకున్న మన సీమకు ఆ పేరు కొత్త కాదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షల మీద ఎంతో పని చేశారు. పంది పిల్లలో ఇది ముందుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చచ్చిపోయేంత మోతాదు అరుదుగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. పిల్ల తింటూనే ఉంటుంది, వెంట్రుక గరుకుబారుతుంది, తూకంలో ఎదుగుదల కనిపించదు. రోగాలను తట్టుకునే శక్తి తగ్గడంతో క్లాసికల్ స్వైన్ ఫీవర్ (ఆఫ్రికన్ జ్వరం కాదు, వేరే జబ్బు) టీకా వేసినా శరీరం సరిగా స్పందించకపోవచ్చు. మీ శాఖ ఖర్చు పెట్టి వేయించే టీకా బలం కొంత మేం వేసే మేత మీద కూడా ఆధారపడి ఉందని గమనించమని కోరుతున్నాను.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పెట్టుకున్న హద్దులు చూస్తే మా వాదన ఇంకా స్పష్టమవుతుంది. అమ్మకానికి సిద్ధమవుతున్న ఎదిగిన పందికి వేసే మొక్కజొన్నలో కిలోకు 200 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్ దాకా వాళ్లు సహిస్తారు. చూడి కట్టించే పందులకు 100. పసి పశువులకు మాత్రం 20. పెద్దదానికీ పిల్లకూ మధ్య పది రెట్ల తేడా. ఒకే గోతంలోని గింజ ఒక కొట్టంలో చెల్లవచ్చు, పక్క కొట్టంలో చెల్లకపోవచ్చు. పందుల దాణా అని ఒకే ముద్ర వేసి అమ్మడం ఎందుకు తప్పో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఆధారం అక్కర్లేదు.

ఫ్యుజేరియం జాతి బూజులు చేసే హాని మరో రకం. వాటిలో డాన్ అని పిలిచే విషం దాణాలో కిలోకు ఒక మిల్లీగ్రాము దాటితే పందులు మేత తగ్గిస్తాయి. పిల్లలు ఆకలితో తొట్టె దగ్గరికి పరుగెత్తుకొస్తాయి, మూతితో దాణాను కెలుకుతాయి, కొంత కిందికి తోస్తాయి, వెనక్కి తగ్గి నీళ్ల దగ్గరికి పోతాయి. చూసేవాళ్లు జ్వరమనుకుని సూది వేయిస్తారు. జియారాలినోన్ అనే విషం ఆడ హార్మోనులా పనిచేస్తుంది. మూడు నెలలైనా నిండని ఆడపిల్లల మానం ఎర్రగా వాచి, ఎదకు వచ్చినట్టు కనిపిస్తుంది, కొన్నింటికి వెనకభాగం జారుతుంది. ఫ్యుమోనిసిన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వీటిలో ఏదీ ఉడికిస్తే పోదు. బెంటొనైట్ మట్టి వంటి పొడులు అఫ్లాటాక్సిన్‌ను కొంతవరకు పట్టి ఉంచుతాయి గాని డాన్, జియారాలినోన్ మీద వాటి బలం అంతంతమాత్రమే. అన్ని విషాలకూ ఒకే మందు అని రంగుల డబ్బాల్లో అమ్మేవాళ్ల మాట నమ్మవద్దని మీ పశువైద్యులు ఊళ్లలో చెబితే మాకు ఎంతో మేలు.

జొన్న గురించి కూడా రాయాలి, ఎందుకంటే సీమలో చాలామందికి మొక్కజొన్న కన్నా జొన్నే దగ్గర. యాసంగిలో పండిన తెల్లజొన్న టానిన్ అనే వగరు పదార్థం తక్కువగా ఉండి, మెత్తగా విసిరితే పంది పిల్లకు దాదాపు మొక్కజొన్నతో సమానంగా పనిచేస్తుంది. గింజ పొరలో టానిన్ ఎక్కువగా ఉండే ఎర్ర రకాలు వగరుగా ఉంటాయి. ఆ టానిన్ మాంసకృత్తులను పట్టుకుని అరగనివ్వదు. పిట్టలు తినవని వేసే గింజను పిల్లలకు పెట్టడం ఏ విధంగాను తెలివైన పని కాదు. క్షారం కలిపిన బ్లీచింగ్ ద్రావణంలో కాసేపు ఉంచితే టానిన్ గింజలు నల్లబడతాయి, లేనివి తెల్లగా తేలతాయి. ఏ పశువైద్యశాలలోనైనా చేయగల పరీక్ష ఇది. గింజ పట్టే రోజుల్లో తడిసి నల్లబారిన వానాకాలపు జొన్న మాత్రం రంగు ఏదైనా పిల్లకు వద్దు. సజ్జ, కొర్ర మంచివే, కాకపోతే చిన్న గింజ కాబట్టి విసరకుండా వేస్తే పెంటలో గింజకు గింజ బయటికి వచ్చేస్తుంది.

నంద్యాల మిల్లుల నుంచి వచ్చే నూకలు పంది పిల్లకు అన్నిటికన్నా మంచి గింజ అని నా అభిప్రాయం. పీచు బహు తక్కువ, పిండి పదార్థం తేలిగ్గా అరుగుతుంది. ఆస్ట్రేలియాలో ఉడికిన తెల్లబియ్యం పెట్టిన పిల్లల్లో పాలు మానాక వచ్చే పారుడు తగ్గినట్టు ప్రయోగాల్లో చూశారు. అదే మిల్లు నుంచి వచ్చే తవుడు మాత్రం మరో కథ. అందులోని నూనె గాలి తగిలిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది, నూనె తీసిన తవుడులో పీచు పిల్ల భరించలేనంత ఉంటుంది. ఇథనాల్ కర్మాగారాల నుంచి చవగ్గా వస్తున్న డీడీజీఎస్ (గింజను పులియబెట్టి ఇథనాల్ తీశాక మిగిలే ఎండిన పిప్పి) గురించి ఒక హెచ్చరిక: పులియబెట్టడంలో పిండి పదార్థం పోతుంది గాని బూజు విషం పోదు, మిగిలిన మేతలో సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది. చవక అని పిల్ల దాణాలో కలపడానికి ముందు ఈ లెక్క అందరికీ తెలియాలి.

మిల్లు దగ్గర జరిగే నష్టం కూడా చిన్నది కాదు. ఊళ్లలో పిండి మరలు పశువుల దాణాకు తగినట్టు బరకగా విసురుతాయి. సుత్తులు అరిగి, జల్లెడ చిరిగితే సగం గింజలు ముక్కలుగానే వస్తాయి. పంది పిల్లకు సగటున 600, 700 మైక్రాన్ల మెత్తదనం సరిపోతుంది. మరీ పిండిలా చేస్తే పొట్టలో పుండ్లు పడతాయి. జల్లెడ మార్చుకోవడానికయ్యే ఖర్చు కన్నా పెంటలో పోయే గింజ ఖరీదే ఎక్కువ.

ఇదంతా పేద పెంపకందారులకు భారం కాదా అని అడగవచ్చు. లెక్క చూద్దాం. 10 కిలోల పిల్ల 20 కిలోలు కావడానికి దాదాపు 22 కిలోల దాణా తింటుంది, అందులో గింజ 12 కిలోలకు మించదు. ఏరిన, ఆరిన, పరీక్షించిన గింజకు కిలోకు 4 రూపాయలు ఎక్కువ పెట్టినా పిల్లకు 50 రూపాయల లోపే. ఆ పిల్ల 90 కిలోలకు చేరేసరికి తినే మొత్తం దాణాలో ఈ తొలి దశ వాటా పదోవంతు కన్నా తక్కువ. ఒకే ఒక పూట పారుడుకు వేయించే సూది, మందుల ఖర్చే అంతకు మించుతుంది. కాబట్టి ఊరంతటి గింజను మార్చమని మేము కోరడం లేదు. పిల్లల తొట్టెకు వెళ్లే ఆ కొద్దిపాటి గింజను గుర్తించి, వేరు చేసి, దాని మీద నమ్మకంగా ఒక మాట చెప్పగలిగే ఏర్పాటు కోరుతున్నాం.

మార్కెట్ కమిటీల వారికి మా విన్నపం ఇది. యార్డుల్లో తేమ మీటర్లు ఉన్నాయి, ధర తగ్గించవలసి వచ్చినప్పుడు బయటికి తీస్తారు. ప్రతి మొక్కజొన్న రాశికీ తేమ శాతం, బూజు పట్టిన గింజల శాతం చూసి వేలం చీటీ మీదే రాయించండి. చిన్న పెంపకందారు యార్డులో నేరుగా కొనడు, రెండు మూడు గోతాలు దుకాణంలో కొంటాడు. ఆ చీటీ నకలు దుకాణం దాకా వెళ్లాలి. రంగు మారిన రాశిని మంచి రాశిలో కలపడాన్ని నిషేధించి, అలా పక్కన పెట్టిన గింజకు ఎదిగిన పశువులకు మాత్రమే అన్న గుర్తు వేయించండి. ప్రభుత్వ గోదాముల్లో చెడిన ధాన్యాన్ని భారత ఆహార సంస్థ దాణా, పరిశ్రమ, ఎరువు, పారబోత అంటూ తరగతులుగా విడదీస్తుంది. ఆ విభజనకు ఆధారం మంచి గింజల శాతం. మంచి గింజలు లెక్కపెట్టినంత మాత్రాన విషం లెక్క తేలదు గనుక, అలాంటి ధాన్యం మన జిల్లాలో దాణా వ్యాపారులకు వెళ్లినప్పుడు విష పరీక్ష ఫలితం కూడా జత చేయాలని కోరుతున్నాం.

పశుసంవర్ధక శాఖ వారికి: అక్టోబరు నుంచి జనవరి వరకు జిల్లా స్థాయి ప్రయోగశాలలో అఫ్లాటాక్సిన్ పట్టీ పరీక్షను పెంపకందారులకు అందుబాటులో ఉంచండి. ఈ విషం రాశి అంతటా సమానంగా ఉండదు, కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది, కాబట్టి ఒక గుప్పెడు తెచ్చి పరీక్ష చేస్తే ఫలితం మోసం చేస్తుంది. చాలా గోతాల నుంచి, పైన, నడుమ, అడుగున తీసి, కలిపి, విసిరి, అందులోంచి నమూనా తీయడం ఎలాగో రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులకు నేర్పించండి. రాష్ట్రంలో పశుదాణా నాణ్యత నియంత్రణకు 2020లో చట్టం వచ్చింది. దాని కింద తీసే నమూనాల్లో పంది పిల్లల స్టార్టర్ దాణాను (పాలు మానేటప్పుడు వేసే తొలి దాణాను) కూడా చేర్చండి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల మీద పరిశోధన సాగుతోంది, కడప జిల్లాలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది. సీమలో దొరికే యాసంగి జొన్న, నూకలు, కొర్రలతో పిల్ల దాణా ఎలా కూర్చుకోవాలో వారి చేత ఒక పేజీ తెలుగులో రాయించి, మరల దగ్గర, దుకాణాల దగ్గర అంటించండి.

నమూనాలు తీసి తెచ్చే బాధ్యత మాది, పట్టీల ఖర్చు కూడా మేమే భరిస్తాం. కోడుమూరులో ఒక పిండి మరను ఎంచి, కొత్త జల్లెడతో పిల్ల దాణాకు వారంలో ఒక రోజు కేటాయించేలా మరవాళ్లతో మాట్లాడుకున్నాం, వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. వానాకాలపు మొక్కజొన్న యార్డుకు రాకముందే మార్కెట్ కమిటీ, పశుసంవర్ధక శాఖ, దాణా వ్యాపారులు, పెంపకందారులు కలిసి కూర్చునే సమావేశం ఒకటి ఏర్పాటు చేసి, మాకు తేదీ తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
కోడుమూరు, గూడూరు ప్రాంత పందుల పెంపకందారుల తరఫున
ఒక రైతు, కర్నూలు జిల్లా